మన వార్తలను మోసిన గగనపు పొర

నలుదెసల కడలి చుట్టిన ఈ దీవులలో నివసించు మనకు ఇంటినుండి వచ్చు వార్త యెంత ప్రియమైనదో వేరుగ చెప్పనక్కరలేదు. 2020 ఆగస్టు 10వ తేదీన చెన్నపట్టణమునుండి సముద్రగర్భ కేబులు ప్రారంభమగువరకు, అత్యవసరమైన మాట ఏదైనను ఆకాశమార్గముననే రావలసియుండెను. తొలుత రేడియో, పిదప ఉపగ్రహము మనకు దిక్కయ్యెను. ఆ మార్గమును శోధించిన కథ మన మెరుగదగినది.

భూమికి ఇంచుమించు 60 కిలోమీటర్ల పైన అయనావరణ మారంభమగును. సూర్యుని అతినీలలోహిత కిరణములు, ఎక్స్ కిరణములు వాయుకణములనుండి ఎలక్ట్రానులను విడదీయుటచే నది యేర్పడును. హ్రస్వతరంగములను అద్దమువలె మరలించి దూరతీరములకు చేర్చునది యిదియే.

వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్య బి. రామచంద్రరావుగారును, వారి శిష్యులును నేలపైనుండి రేడియో తరంగములను పంపి దీనిని పరిశోధించిరి. కాని ఎలక్ట్రానుల సాంద్రత పైకి పోయినకొలది పెరుగుచున్నంతవరకే ప్రతిధ్వని వచ్చును. శిఖరము వెనుకనున్న లోయ కానరాదు. బెలూను అంత యెత్తునకు పోజాలదు. ఉపగ్రహము అంత దిగువను నిలువజాలదు. నడుమ మిగిలిన దారి రాకెట్టొక్కటే.

1963 నవంబరు 21వ తేదీన కేరళలోని తుంబా నుండి మొదటి నైకీ-అపాచీ రాకెట్టు లేచెను. అయస్కాంత విషువద్రేఖ చేరువనుండుటచే ఆ స్థలము నెన్నుకొనిరి. అచ్చట పగటివేళ సుమారు 105 కిలోమీటర్ల యెత్తున తూర్పుదిశగా ప్రబలమైన విద్యుత్ప్రవాహము సాగుచుండును. 1964 జనవరిలో రాకెట్లలోని అయస్కాంతమాపకములు దానిని కొలిచెను. పిమ్మట లాంగ్‌మ్యూర్ శలాకలు వచ్చెను. రాకెట్టు ముక్కున చిన్న లోహఖండమునకు విద్యుత్పీడనము నిచ్చినచో అది ఎలక్ట్రానుల నాకర్షించును. అందు పారు విద్యుత్తునుబట్టి వాని సాంద్రత తెలియును. కొన్ని నిమిషములలో రాకెట్టు సముద్రము పాలగును. రేడియో ద్వారా అందిన కొలతలు మాత్రము మిగులును. ఆ కొలతలనుండియే సత్యప్రకాశ్, సుబ్బరాయ, గుప్త గారలు ఆ పొర నునుపైన అద్దము కాదనియు, కల్లోలములతో నిండినదనియు చూపిరి.

1971 అక్టోబరు 9వ తేదీన మన నెల్లూరు సీమలోని శ్రీహరికోటనుండి చిన్న రోహిణి రాకెట్టు లేచెను. తరువాతి కాలమున అచ్చటినుండి ఆర్‌హెచ్-560 రాకెట్లు మరింత పైకిపోయి, ప్రొద్దుగుంకిన పిమ్మట అయనావరణమున గలుగు కలతలను కొలిచెను. ఆ వేళ ఎలక్ట్రానులు పలుచబడిన బుడగలు పైకి లేచి, ఉపగ్రహ సంకేతములను మినుకుమినుకుమనిపించును. అయస్కాంత విషువద్రేఖ మన ద్వీపమాలికకును సమీపమే. కావున కేబులు వచ్చినను మనకీ చింత తీరలేదు. ఓడలకును విమానములకును దారి చూపు సంకేతములు నేటికిని ఆ పొరను దాటియే రావలెను.

2024లో శ్రీ విజయపురమని పేరు మారిన మన పోర్టుబ్లేయరులో ఇస్రోవారి కేంద్రమొకటి గలదు. శ్రీహరికోటనుండి లేచిన వాహనములు వంగసముద్రముపై పోవునప్పుడు, వాని సంకేతముల నది యందుకొనును. ఒకనాడు ఆవలి తీరపు మాటకై వేచియున్న దీవి, నేడు ఆ తీరమునుండి లేచిన వాహనమునకు తోడుగా నిలిచియున్నది.