జాతీయ స్థాయి ఎడ్ల పందేల్లో ఛాంపియన్ ఎవరు? గెలుపు లెక్క ఇలా తేలుస్తారు.. గుర్రాల రూల్ మాత్రం వేరే!

సంక్రాంతి వచ్చిందంటే గుడివాడ వైపు బండలాగుడు పోటీల ఫ్లెక్సీలు వెలుస్తాయి. శివరాత్రి నాటికి ఆ సందడి కోటప్పకొండ చుట్టుపక్కలకు మారుతుంది. దాదాపు ప్రతి ఫ్లెక్సీ మీదా ఒకే మాట.. 'జాతీయ స్థాయి ఒంగోలు జాతి ఎడ్ల బలప్రదర్శన'. సెల్‌ఫోన్‌లో లైవ్ చూసేవాళ్లకు వచ్చే డౌట్ కూడా ఒకటే. ఒకే సీజన్‌లో ఇన్ని జాతీయ స్థాయి పోటీలు జరిగితే, అసలు జాతీయ ఛాంపియన్ జత ఏది?

సూటిగా చెప్పాలంటే, ఫ్లెక్సీ మీద ఆ మాట ఉన్నంత మాత్రాన దేశం మొత్తానికి ఒక ఛాంపియన్ తేలిపోదు. పోటీ పెట్టే కమిటీయే బండ బరువు, టైమ్, బహుమతి నిర్ణయిస్తుంది. ఒక ఊళ్లో ఫస్ట్ వచ్చిన జత లాగిన దూరాన్ని ఇంకో ఊరి జత దూరంతో పోల్చడం కుదరదు. బండ వేరు, నేల వేరు, ఎండ వేరు.

పళ్లు చూసి కేటగిరీ

ముందుగా ఎడ్ల నోరు చూస్తారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు.. ఆ తర్వాత జూనియర్, సీనియర్. పశువుకు సుమారు రెండు, రెండున్నరేళ్లకు మొదటి జత శాశ్వత పళ్లు వస్తాయి. నోరు నిండేసరికి నాలుగేళ్లు దాటుతుంది. పుట్టిన తేదీకి కాగితం లేని చోట పళ్లే ఆధార్ కార్డు. కేటగిరీ పెరిగేకొద్దీ బండ బరువు కూడా పెరుగుతుంది.

ఆ తర్వాత డ్రా తీస్తారు. కొలిచి గీతలు వేసిన బరిలో, ఇచ్చిన నిమిషాల్లో జత ఎంత దూరం లాగిందో అడుగుల్లో లెక్కగడతారు. చివరికి బండ వెళ్లాక బండ తిప్పుకుని మళ్లీ వెనక్కి లాగాలి. ఈ తిప్పుడులోనే చాలా జతలకు టైమ్ పోతుంది. తోలేవాళ్ల పనితనం బయటపడేదీ అక్కడే. బెల్ మోగేసరికి ఎక్కువ అడుగులు ఎవరివైతే వాళ్లదే గెలుపు.

లెక్క సింపుల్‌గానే ఉంది. చిక్కల్లా రెండు చోట్ల. మొదటిది డ్రా. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు లాగిన జతకూ, మిట్టమధ్యాహ్నం అదే బండ లాగిన జతకూ తేడా ఉంటుందని రైతులే అంటారు. రెండోది ఇంకా పెద్దది. ఉదాహరణకు ఒక జత 3,000 అడుగులు లాగి కూలబడింది అనుకుందాం. ఇంకో జత 2,950 అడుగులు లాగి తల ఎత్తుకుని బయటకు నడిచింది. టేపు లెక్కలో మొదటిదే ఛాంపియన్. రైతు కొట్టంలో కట్టుకోవాలనుకునేది మాత్రం రెండోదాన్నే!

గుర్రాలకు రూల్ ఏంటి?

సరిగ్గా ఈ ప్రశ్న మీదే నిలబడిన ఆట ఒకటుంది. ఎండ్యూరెన్స్ గుర్రపు స్వారీ. రేస్‌కోర్సులో రెండు నిమిషాల్లో అయిపోయే పరుగు కాదిది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ అంటే ఒకే రోజులో 160 కిలోమీటర్లు. విజయవాడ నుంచి ఒంగోలు దాకా వెళ్లినా ఇంకా మిగిలే దూరం. మన దేశంలో ఈ పోటీలు ఈక్వెస్ట్రియన్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా కిందకు వస్తాయి.

దారిని కొన్ని అంచెలుగా విడగొడతారు. ప్రతి అంచె చివర వెటర్నరీ డాక్టర్లు ఉంటారు. గుర్రం గుండె వేగం నిర్ణీత నిమిషాల్లోగా తగ్గాలి. అంతర్జాతీయ పోటీల్లో సాధారణంగా నిమిషానికి 64 కొట్టుకోవడం హద్దు. అది దాటితే ఇంటికే. తర్వాత గుర్రాన్ని కాస్త పరుగెత్తించి కుంటుతోందా చూస్తారు. చర్మం పట్టి లాగి ఒంట్లో నీరు తగ్గిందా అని, చిగుళ్ల రంగు, పేగుల కదలిక కూడా పరీక్షిస్తారు. అన్నీ బాగుంటేనే, తప్పనిసరి విశ్రాంతి తర్వాత తర్వాతి అంచెకు వదులుతారు.

అసలు కిటుకు గడియారంలో ఉంది. మధ్య అంచెల్లో గీత దాటగానే టైమ్ ఆగదు. గుండె వేగం దిగాక, గుర్రాన్ని డాక్టర్ల ముందుకు తెచ్చినప్పుడే ఆగుతుంది. ఒక రైడర్ 10 గంటలకు వచ్చి, గుర్రం కుదుటపడి పరీక్షకు వెళ్లేసరికి 10.12 అయింది అనుకోండి. వెనక 10.04కు వచ్చిన రైడర్ 10.07కే వెళ్లిపోతే, అక్కడి నుంచి ఐదు నిమిషాలు ముందున్నది వెనక వచ్చినవాడే. తొందరపడి తోలితే నష్టం తోలినవాడికే. ఆఖరి అంచెలో మాత్రం గీత దాటిన టైమే లెక్క. అయితే ఆ తర్వాత కూడా డాక్టర్ పరీక్ష పాసవ్వాలి. ఫెయిలైతే ఫస్ట్ వచ్చిన గుర్రానికీ ఫలితం ఉండదు.

అందుకే ఈ ఆటలో పూర్తి చేయడమే ఒక గెలుపు. కేరళ మలప్పురం అమ్మాయి నిదా అంజుమ్ 2023లో ఫ్రాన్స్‌లో యంగ్ రైడర్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 120 కిలోమీటర్లు, 2024లో మళ్లీ ఫ్రాన్స్‌లోనే సీనియర్ విభాగంలో 160 కిలోమీటర్లు పూర్తి చేసింది. అది జాతీయ వార్త అయింది.

అమెరికాలో 1955లో మొదలైన టెవిస్ కప్‌ది ఇంకో పద్ధతి. 100 మైళ్ల పందెంలో ముందొచ్చినవాళ్లకు టెవిస్ కప్. మొదటి పది గుర్రాల్లో ఒంటితీరు అన్నిటికన్నా బాగున్నదానికి హాగిన్ కప్ విడిగా ఇస్తారు.

మరి ఎడ్లకు?

జాతీయ ఛాంపియన్‌ను తేల్చడానికి రెండు దారులున్నాయి. ఒకే రోజు ఒకే బరిలో తేల్చడం ఒకటి. సీజన్ మొత్తం పాయింట్లు కలపడం ఇంకొకటి. ఒక్క రోజంటే డ్రా, ఎండ, అదృష్టం కలిసిపోతాయి. పాయింట్లంటే లారీ కిరాయిలు పెట్టుకుని ఊరూరా తిరగగల పెద్ద రైతుకే లాభం, పైగా ఎడ్లకు విశ్రాంతి ఉండదు. ఎవరైనా పాయింట్ల పద్ధతి పెట్టాలనుకుంటే సీజన్‌లో ఒక జత ఎన్ని పోటీల్లో దిగొచ్చో పరిమితి కూడా పెట్టక తప్పదు. బండ బరువు, టైమ్ అన్ని ఊళ్లలో ఒకటే చేయడం అంతకంటే ముందు జరగాల్సిన పని.

ఇది కేవలం ఆట లెక్క కాదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం పశువును కొట్టడం, శక్తికి మించి తోలడం, హాని చేసే మందులివ్వడం నేరం. జల్లికట్టు, ఎడ్లబండి పందేలపై సుప్రీంకోర్టు 2014 మే 7న నిషేధం విధించింది. 2023 మే 18న తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసిన చట్ట సవరణలను రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. అంటే పశువు బాధ తగ్గించేలా రూల్స్ రాసి పెట్టుకున్న చోట పోటీలకు దారి దొరికింది.

పొలంలో ట్రాక్టర్ వచ్చాక ఈ జతలను చాలామంది పోటీల కోసమే మేపుతున్నారు. మేతలో ఉలవలు ఉండాల్సిందే. ఎడ్లకు ఉలవలు ఉడికించిన నీళ్లతోనే కృష్ణా జిల్లా ఉలవచారు పుట్టిందంటారు, అది వేరే కథ. అంత ఖర్చు పెట్టిన రైతుకు ఒక్క పందెం గెలుపు కన్నా ఎద్దు మరో మూడేళ్లు నిలబడటమే ముఖ్యం.

బెల్ మోగాక పది, పదిహేను నిమిషాలు ఆగి పశువైద్యుడు స్టెతస్కోప్ పెట్టి చూడటానికి పెద్ద ఖర్చేమీ కాదు. గుర్రానికి 64 అన్నట్టు, ఎద్దుకు ఎంత ఉండాలో ఒంగోలు జాతిపై పనిచేస్తున్న గుంటూరు లాం ఫారం లాంటి చోట్ల కొలిచి చెప్పాలి. అప్పుడు రిజల్ట్ బోర్డు మీద అడుగుల పక్కన ఇంకో గడి చేరుతుంది.