ఆమవాతమునకు ఇసుక కాపడము

చరక సుశ్రుతాది ప్రాచీనాచార్యులు వాతవ్యాధులను విస్తరించి వర్ణించియు ఆమవాతమునకు ప్రత్యేకాధ్యాయమును గల్పింపలేదు. 8వ శతాబ్ది ప్రాంతమున మాధవకరుడు రచించిన నిదానగ్రంథమునందే ఆ రోగమునకు స్వతంత్రస్థానము లభించినది. జఠరాగ్ని మందగింపగా పక్వముకాని అన్నరసము ఆమమై, వాతప్రేరితమై సంధులను జేరి, చేతులను, చీలమండలను, మోకాళ్లను వాపుతో బిగియబట్టుననియు, ముదిరినపుడు నొప్పి తేలుకాటువలె నుండుననియు, వాపు దేహమంతట వ్యాపించినచో రోగము కష్టసాధ్యమనియు ఆయన నిర్ణయించెను. నేడు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని వ్యవహరించు వ్యాధి దీనితో సర్వాంశములయందు సరిపోలకపోయినను, అంగములు బిగియుట, పలుసంధులు వాచుట, ఆకలి నశించుట, ఒడలు బరువెక్కుట, జ్వరము తగులుట రెంటను గలవు.

చికిత్సాక్రమమును 11వ శతాబ్దిలో వంగదేశీయుడగు చక్రపాణిదత్తుడు స్థిరపఱచెను. మొదట లంఘనము, పిదప స్వేదనము, చేదు కారము గల దీపనద్రవ్యములు, విరేచనము, ఆ తరువాతనే స్నేహపానము, వస్తికర్మ. వాతమనగానే తైలమర్దనమునకు బూనుకొనుట లోకమున సర్వసాధారణము గదా! అట్టిచో, ఆమము తగ్గువఱకు ఒంటికి నూనె తగులరాదనియు, కాచిన ఇసుకమూటతో పొడికాపడమే పెట్టవలెననియు విధించుటలో గల వివేకము నాకు మిక్కిలి గౌరవపాత్రముగ దోచును. రోగిని దినదినము చూచి, ఏ ఉపచారముతో బాధ హెచ్చెనో దేనితో తగ్గెనో గుర్తెఱిగిన వారికిగాని ఇట్టి నిషేధము తట్టదు.

తెలుగునాట ఈ శాస్త్రము గ్రంథములకంటె గృహములయందే యెక్కువగా జీవించినది. సంస్కృతాంధ్రములు కలిసిన బసవరాజీయము వైద్యుల యిండ్లలో నుండెను. ఇసుకమూట మాత్రము ఎల్లరి యిండ్లలోను నుండెను. ఏటియిసుకను మూకుడులో వేచి, పాతచీర ముక్కలో మూటగట్టి, ముందు తన ముంజేతికి తాకించి వేడి చూచుకొని, పిమ్మట వాచిన కీలుమీద అద్దుచు తీయుచు నుండుట యింటి పెద్దముత్తైదువకు తెలిసిన విద్య. ఇసుక దొరకనిచోట తవుడో, కల్లుప్పో వేచువారు. వావిలాకు వేసి కాచిన నీళ్లు స్నానమునకు సిద్ధపఱచువారు.

ఇక ఆముదము సంగతి. ఆమవాతమను ఏనుగునకు ఏరండతైలమే సింహమని భావప్రకాశమను వైద్యగ్రంథము పొగడినది. నల్లగొండ, మహబూబునగరు జిల్లాల మెట్టచేలలో ఆముదపుపంట విస్తారముగ నుండెడిది. గింజలను వేయించి, రోట దంచి, ఆ ముద్దను నీళ్లలో ఉడికింపగా పైకి తేలిన నూనెను గరిటెతో తేర్చి, మరల కాచి తడి పోగొట్టినదే వంటాముదము. శొంఠికషాయముతో దానిని ఉదయమున త్రాగించి, ఆ దినమంతయు పథ్యముగా లఘ్వాహార మిచ్చుచుండిరి. ఆ వాసనకు ముఖము త్రిప్పుకొనిన రోగికి తల్లియో అత్తయో చెంత గూర్చుండి బుజ్జగించి త్రాగించుటయు ఆ చికిత్సలో భాగమేయని నా నమ్మకము.

ఈ యుపచారములవలన బాధ శమించెడిది, నిద్ర పట్టెడిది. అయినను ఏండ్లు గడచినకొలది మృదులాస్థి అరిగి, ఎముక తినబడి, వ్రేళ్లు ప్రక్కకు వంగి, అన్నము కలుపుకొనుటకును చేయి సహకరింపని స్థితి చాలమందికి తప్పలేదు. 1899లో ఆస్పిరిన్ విక్రయమునకు వచ్చినపిదపను ఈ విషయమున గతి మాఱలేదు. ఆ జాతి మాత్రలు నొప్పిని, వాపును తగ్గించినవి. పెక్కురకు కడుపున వ్రణములను దెచ్చినవి. కీలు శిథిలమగుటను ఆపలేకపోయినవి. కావున ఇసుకమూటను మాత్రమే నిందించుట న్యాయము కాదు.

కీలును రక్షింపగల ఔషధమునకు మూలమైన కృషి మఱియొక త్రోవను వచ్చినది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, మదరాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రమును బోధించి, 1922లో అమెరికాకు బోయి, తరువాత లెడర్లీ పరిశోధనశాలలో తన సహచరులతో ఫోలిక్ ఆమ్లమును, దాని పనిని నిరోధించు అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను ద్రవ్యములను సాధించెను. అవి రక్తపు క్యాన్సరునకై వాడబడిన మందులు. ఆయన 1948లో పరమపదించెను. 1951లో గుబ్నర్ ప్రభృతులు అమినోప్టెరిన్‌ను కీళ్లవాతరోగులకిచ్చి గుణము కనుగొనిరి; అయినను వైద్యలోకము దానిని చిరకాలము పట్టించుకొనలేదు. 1980 తరువాతి పరీక్షలలో మెథోట్రెక్సేట్ ప్రయోజనము రుజువుకాగా, 1988లో అమెరికాయందు ఈ వ్యాధికి దానిని అనుమతించిరి. తన విద్యార్థులు చికిత్స నేర్చిన ఆమవాతమునకు తన మందు పనికివచ్చునని సుబ్బారావు ఎఱుగకయే పోవుట తలచినపుడెల్ల నాకు బాధ కలుగును.

ఆ మందు దినదినము మ్రింగునది కాదు. వారమున కొక్కమారు, స్వల్పమాత్రలో, రక్తపరీక్షలు చేయించుకొనుచు వైద్యుని పర్యవేక్షణలో వాడవలసినది. అది నొప్పి నప్పటికప్పుడు తీర్పదు. గుణమిచ్చుటకు వారములు పట్టును. ఆలోపల తెల్లవాఱుజాము బిగువునకు నేటికిని వేడియే ఆశ్రయము. పెద్ద ఆసుపత్రుల ఫిజియోథెరపీ విభాగములలో సయితము కరగించిన మైనమున రోగుల చేతులు ముంచి తీయుచున్నారు.