తీగ లాగుడు (ఎలక్ట్రిక్ మాండొలిన్)

మెట్టుపై నొక్కిన తీగను వేలితో పక్కకు లాగి శ్రుతి పెంచే పద్ధతి. గిటార్ వాద్యకారులు దీన్ని బెండింగ్ అంటారు. వీణపై గమకాలు చాలావరకు ఇలాగే పలుకుతాయి.

తీగ పౌనఃపున్యాన్ని నిర్ణయించేవి దాని పొడవు, బిగువు, మీటరుకు ఉండే ద్రవ్యరాశి. పక్కకు లాగినప్పుడు పొడవు పెరిగేది అతి స్వల్పం. ఉక్కు సులువుగా సాగదు కనుక ఆ కాస్త సాగుకే బిగువు బాగా పెరుగుతుంది. పౌనఃపున్యం బిగువు వర్గమూలాన్ని అనుసరిస్తుంది కాబట్టి శ్రుతి ఒక స్వరస్థానం పెరగాలంటే బిగువు సుమారు 12 శాతం, రెండు స్థానాలు పెరగాలంటే 26 శాతం పెరగాలి. వేళ్లు కాయలు కాసేది ఇందుకే.

మామూలు మాండొలిన్‌కు నాలుగు జతల తీగలుంటాయి. జతలో రెండింటినీ ఒకే కొలతకు లాగడం కష్టం. ఏమాత్రం తేడా వచ్చినా రెండు శ్రుతులు ఒరుసుకుని నాదం అలలుగా ఊగుతుంది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ జతలు వదిలి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను ఎంచుకున్నారు. కర్ణాటక సంగీతానికి ఈ వాద్యం ఒదగడానికి ఇదే కీలకమైన మార్పు.

రెండో బలం పికప్. అయస్కాంతం దగ్గర ఉక్కు తీగ కంపిస్తే చుట్టూ ఉన్న రాగి చుట్టలో విద్యుత్తు పుడుతుంది, యాంప్లిఫయర్ దాన్ని పెంచుతుంది. గట్టి చెక్క శరీరం కంపనశక్తిని త్వరగా గాలికి వదలదు. లాగుడు పూర్తయ్యేదాకా స్వరం నిలవకపోతే గమకమే లేదు.

శ్రీనివాస్ తొలి కచేరీ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో జరిగింది. 1998లో పద్మశ్రీ అందుకున్నారు. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో మరణించారు.