జింకల కోసం పండ్ల చెట్లు: ఏవి నాటాలి, ఎక్కడ నాటకూడదు

పొలం గట్టున నాలుగు పండ్ల చెట్లు వేస్తే జింకలు వస్తాయా అని మన సంఘాన్ని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. అమెరికాలో ఉన్న పిల్లలు తమ ఇంటి వెనక చెట్ల కింద జింకలు మేస్తున్న వీడియోలు పంపడం ఇందుకు ఒక కారణం. హోసూరు, బళ్ళారి, బరంపురం, చంద్రపూర్ వైపు అడవికి దగ్గరగా భూములున్న కుటుంబాలు మనలో ఉన్నాయి. వారి కోసం మాకు తెలిసిన వివరాలు ఒకచోట రాసి పెడుతున్నాం.

సూటిగా చెప్పాలంటే, సరైన చెట్లు ఉంటే జింకలు వస్తాయి. కానీ వాటిని రప్పించడం సగం పనే. వచ్చిన జింక క్షేమంగా అడవికి తిరిగి వెళ్ళాలి, పక్క రైతు చేను నిలవాలి. ఈ రెండూ చూసుకోలేని చోట చెట్లు నాటకపోవడమే మంచిది.

అమెరికా పద్ధతి మనకు ఎందుకు కుదరదు

అక్కడివి తెల్లతోక జింకలు. వాటి కోసం ఓక్, చెస్ట్‌నట్, పెర్సిమన్, ఆపిల్ చెట్లు పెంచుతారు. చలికాలానికి ముందు రాలే గింజలు, పండ్లు తిని జింకలు ఒళ్ళు చేస్తాయి. అక్కడి చెస్ట్‌నట్ చెట్లకు తెగులు సోకిన సంగతి 1904లో న్యూయార్క్‌లో బయటపడింది. తరవాత కొన్ని దశాబ్దాల్లోనే ఆ చెట్లు అడవుల్లో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అందుకే ఇప్పుడు చైనా రకాలు, సంకర రకాలు నాటుతున్నారు. ఇలా నాటేవారిలో చాలామంది లైసెన్సు తీసుకుని వేటాడేవారే.

మన దగ్గర వేట నేరం. ఆ చెట్లు మన ఎండలకు ఆగవు కూడా. పెర్సిమన్‌కు దగ్గరి చుట్టమైన తునికి మన అడవుల్లోనే ఉంది. మన జింకలకు మన చెట్లే మేలు.

మన జింకలు

అడవి అంచుల్లో ఎక్కువగా కనిపించేది చుక్కల జింక. ఇది తెలంగాణ రాష్ట్ర జంతువు. దట్టమైన అడవిలో కణుజు, మొరిగే జింక ఉంటాయి. వానాకాలంలో చుక్కల జింకకు పచ్చగడ్డి చాలు. గడ్డి ఎండిపోయాక ఆకులు, రాలిన పూలు, పండ్లు దాన్ని ఆదుకుంటాయి. కోతులు, కొండముచ్చులు కొమ్మల మీద తింటూ కింద పారేసిన వాటి కోసం జింకలు చెట్టు కింద కాచుకుని ఉంటాయి.

గట్టి గింజలను జింక నమలదు. పండు మింగి, తీరిగ్గా నెమరు వేసేటప్పుడు గింజను ఉమ్మేస్తుంది. తమిళనాడులోని ముదుమలై అడవిలో ఉసిరి గింజలు ఇలాగే దూరదూరంగా పడి మొలుస్తున్నాయి. మనం నాటిన ఒక్క చెట్టు నుంచి అడవిలో మరికొన్ని లేస్తాయన్నమాట.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక సంగతి వేరు. అది నిజానికి జింక జాతిది కాదు. మగ జింక కొమ్ములు ఏటా రాలి మళ్ళీ పెరుగుతాయి. కృష్ణజింక కొమ్ములు రాలవు. దానికి కావలసింది బయలు, గడ్డి. అది తిరిగే గడ్డి నేలలో చెట్లు నాటితే దాని ఇల్లు పాడు చేసినట్టే. ముఖ్యంగా సర్కారు తుమ్మ వద్దు. కాయలు తిన్న జంతువుల పేడలో విత్తనాలు పోయి ఆ తుమ్మ బయలంతా అల్లుకుంటుంది. గంజాం జిల్లా భేట్నోయి, బలిపదర్ గ్రామాల రైతులు ఒక్క చెట్టూ నాటకుండానే కృష్ణజింకలను కాపాడుతున్నారు. అవి చేలో తిరిగితే వానలు బాగా పడతాయని వారి నమ్మకం.

నాటదగిన చెట్లు

నర్సరీలో తెలుగు పేరు చెబితే అర్థం కాక వేరే మొక్క ఇస్తున్నారని కొందరు చెప్పారు. అందుకని స్థానిక పేర్లు కూడా ఇస్తున్నాం.

ఉసిరి: తమిళంలో నెల్లి, కన్నడంలో నెల్లికాయి, ఒడియాలో అంళా, మరాఠీలో ఆవళా. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాయలు.

రేగు: తమిళంలో ఇలందై, కన్నడంలో బోరె, ఒడియాలో బరకోళి, మరాఠీలో బోర్. చలికాలంలో పండ్లు.

తాని: తమిళంలో తాన్రి, కన్నడంలో తారె, ఒడియాలో బాహాడా, మరాఠీలో బెహడా. చలికాలంలో కాయలు రాలతాయి.

ఇప్ప: తమిళంలో ఇలుప్పై, కన్నడంలో హిప్పె, ఒడియాలో మహుల, మరాఠీలో మోహ. మార్చి, ఏప్రిల్ నెలల్లో పూలు రాలతాయి.

గుమ్మడి టేకు: తమిళంలో కుమిళ్, కన్నడంలో శివణె, ఒడియాలో గంభారి, మరాఠీలో శివణ్. ఎండాకాలంలో పండ్లు.

నేరేడు: తమిళంలో నావల్, కన్నడంలో నేరళె, ఒడియాలో జాముకోళి, మరాఠీలో జాంభూళ్. జూన్, జులైలలో పండ్లు.

ఒకే రకం పది నాటే బదులు ఈ ఆరూ కలిపి నాటితే చలికాలం నుంచి తొలకరి దాకా ఏదో ఒకటి రాలుతూ ఉంటుంది. మర్రి, మేడి ఉంటే ఇంకా మంచిది.

నాటే తీరు

కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్రలలో జూన్, జులై తొలకరికి నాటాలి. తమిళనాడు తీర ప్రాంతంలో ఐప్పసి వానలకు నాటాలి. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంత చాలు. చెట్టుకూ చెట్టుకూ ఇరవై అయిదు, ముప్పై అడుగుల ఎడం ఉంచండి. అంటు మొక్క తొందరగా కాస్తుంది, కానీ అడవి జంతువుల కోసమైతే స్థానిక గింజ మొక్క మేలు. పెద్దగా సాకనక్కరలేదు, ఎక్కువ కాలం బతుకుతుంది. గింజ నుంచి వచ్చిన ఉసిరి కాపుకు ఏడెనిమిదేళ్ళు పడుతుంది, ఇప్పకు పదేళ్ళ పైమాటే.

లేత మొక్కను మొదట తినేది జింకే. మూడేళ్ళపాటు ఒక్కో మొక్క చుట్టూ ఆరడుగుల ఎత్తున ముళ్ళకంప కట్టండి. ఇనుప తీగ వద్దు, కాళ్ళు చిక్కుకుంటాయి.

ఎక్కడ నాటకూడదు

రోడ్డుకు, రైలు పట్టాలకు దగ్గర్లో వద్దు. ఊరకుక్కలు ఎక్కువగా ఉన్నచోట వద్దు. చెత్త పారేసే చోటికి దగ్గరగా వద్దు. చెన్నైలో ప్లాస్టిక్ తిని జింకలు చనిపోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు. హోసూరు వైపు పండ్ల వాసనకు ఏనుగులు వస్తాయి, అక్కడ పనస, వెలగ అసలే వేయకండి. ఇప్ప పూలకు ఎలుగుబంట్లు వస్తాయి. జింక వెనక చిరుతపులి రావచ్చు. పిల్లలు తిరిగే ఇంటి పక్కన ఇవేవీ కోరి తెచ్చుకోకూడదు.

మా అనుభవం ఒకటి దాచకుండా చెప్పాలి. కార్తీక వనభోజనాలు జరుపుకునే ఒక సభ్యుని తోటలో, కొన్నేళ్ళ క్రితం సంఘం తరఫున ఉసిరి, నేరేడు నాటించాం. చెట్లు కాపుకు వచ్చాయి, జింకలూ వచ్చాయి. ఫొటోలు తీసుకుని సంబరపడ్డాం. పక్కన కౌలుకు చేసుకునే రైతు వేరుశెనగ చేను రెండు రాత్రుల్లో పోయింది. ఆ నెలలోనే కుక్కలు తరిమితే ఒక జింక పిల్ల మన తోటలోని గోడ లేని బావిలో పడి చనిపోయింది. చెట్ల లెక్క, ఖర్చుల లెక్క రిజిస్టరులో తప్పు లేకుండా రాసుకున్నాం. బావికి గోడ కట్టాలన్న సంగతి, ఆ రైతును ఒక మాట అడగాలన్న సంగతి మాకు తోచలేదు. తరవాత సంఘం నిధి నుంచి గోడ కట్టించాం, రైతుకు విత్తనాల ఖర్చు ఇచ్చాం. ముందు చేయవలసిన పని అది.

చట్టం

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, అందుకోసం ఎర పెట్టి రప్పించడం, ఆ ప్రయత్నం చేయడం కూడా వేటే. సొంత పొలంలో పండ్ల చెట్టు నాటడం తప్పు కాదు. చెట్టు కింద ఉచ్చు పెడితే, కంచెకు కరెంటు ఇస్తే, జింక పిల్లను ఇంటికి తెచ్చి పెంచితే కేసు అవుతుంది. గాయపడిన జింక కనిపిస్తే పట్టుకోకుండా, జనాన్ని దూరంగా ఉంచి అటవీ శాఖ రేంజి ఆఫీసుకు చెప్పండి. అడవి భూమిలో నాటాలంటే ముందుగా వారి అనుమతి తీసుకోండి.

నాటే ముందు ఈ నాలుగు పనులు చేయండి. బావికి గోడ కట్టించండి. పక్క రైతులను అడగండి. చెట్లను ఇంటి వైపు కాకుండా అడవి వైపు హద్దులో వేయండి. రేంజి ఆఫీసుకు ఒక ఉత్తరం రాసి నకలు దగ్గర ఉంచుకోండి. ఉత్తరం స్థానిక భాషలో రాయడం కష్టమైతే మన సంఘం కార్యాలయానికి రండి, రాసి పెడతాం. యానాం వంటి పట్టణాల్లో ఉన్నవారికి అడవి హద్దు ఉండదు కనుక, పెరట్లో ఒక నేరేడు వేసినా చాలు. జింకలు రాకపోయినా చిలకలు వస్తాయి.