కంపవాతం, దూలగొండి గింజ, మన ఇండ్లలో పెద్దవాళ్ళు

కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుపక్కల మన తెలుగు ఇండ్లలో చరిత్ర కాగితం మీద తక్కువ, పెద్దవాళ్ళ నోట్లో ఎక్కువ. ఎప్పుడు వచ్చినాము, మొదట ఏ ఊళ్ళో దిగినాము, ఏ దేవరకు మొక్కినాము అనేదంతా ఒక అవ్వ చెప్తే ఇంకో అవ్వ విన్నదే. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ గారిది తెలుగు మాట్లాడే ఇల్లు, రాసింది తమిళంలో. ఆయన 'గోపల్ల గ్రామం' నవలలో కూడా మనవాళ్ళు దక్షిణానికి వలస వచ్చిన కథ చెప్పేది వందేళ్ళు దాటిన ఒక అవ్వే.

అట్లాంటి గొంతునే మెల్లమెల్లగా తగ్గించే జబ్బు ఒకటి ఉంది. డాక్టర్లు పార్కిన్సన్స్ అంటారు. తమిళంలో నడుక్కువాదం, మన ఇండ్లలో వణుకుడు జబ్బు. ఈ సారి ఆ జబ్బు చరిత్ర, దాన్ని ఇంట్లో చూసుకునే తీరు రాస్తున్నాము.

పేరు ఎక్కడిది

జేమ్స్ పార్కిన్సన్ లండన్ వైద్యుడు. 1817లో ఆరుగురు రోగులను గురించి ఒక చిన్న పుస్తకం వేసినాడు. అందులో కొందరిని ఆయన వీధిలో నడుస్తుండగా చూసినాడు. మన పక్క లెక్కలో చెప్పాలంటే, అప్పటికి కట్టబొమ్మన్‌ను కయత్తారులో ఉరి తీసి 18 ఏళ్ళు, పాంచాలంకురిచ్చి కోటను నేలమట్టం చేసి 16 ఏళ్ళు.

అయితే జబ్బును గుర్తుపట్టింది ఆయన ఒక్కడే కాదు. తెలుగు దేశపు వైద్యుడు బసవరాజు కూర్చిన 'బసవరాజీయం'లో కంపవాతం అనే పేరు ఉంది. అరచేతులు, అరికాళ్ళు వణకడం, ఒళ్ళు కదిలిస్తే బాధ, నిద్ర పట్టకపోవడం, బుద్ధి మందగించడం అని గుర్తులు చెప్పినారు. నిద్ర సంగతి కూడా పట్టుకున్నారంటే, రోగిని రాత్రిపూట కూడా దగ్గర ఉండి చూసిన ఇంటివాళ్ళ మాట వైద్యుడు విన్నట్టే కదా.

మా తాతకు మదురైలో డాక్టరు పేరు చెప్పకముందే ఆయన లెక్కల పుస్తకం చెప్పింది. పత్తి, మిరపకాయల లెక్కలు అవి. మొదటి పేజీల్లో అక్షరాలు శనగ గింజలంత ఉంటాయి. పోనుపోను ఆవగింజలైపోతాయి. చేతిరాత చిన్నదైపోవడం ఈ జబ్బు గుర్తుల్లో ఒకటి. అది కాగితం మిగిలించడం అని ఇంట్లో అందరూ అనుకున్నారు.

గట్టు మీద గింజ

కంచెల మీద పాకే తీగ ఒకటి, కాయ మీద నూగు తగిలితే ఒళ్ళంతా దురద. తెలుగులో దూలగొండి, తమిళంలో పూనైక్కాలి. మేము బడిలో చదివింది కన్నడ మీడియం కాబట్టి మాకు ముందు తెలిసిన పేరు నసుగున్ని. మూడు పేర్లూ ఒకే తీగవి అని తెలిసేసరికి మాకు ముప్పై దాటినాయి.

1937లో మద్రాసు విశ్వవిద్యాలయపు జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు ఈ గింజల నుంచి ఎల్-డోపా అనే పదార్థాన్ని వేరు చేసినారు. అంతకు ముందే, 1913లో, ఐరోపాలో ఒక రకం చిక్కుడు నుంచి అదే పదార్థాన్ని తీసి ఉన్నారు. కానీ అది దేనికి పనికొస్తుందో ఇంకా ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్ళ తరువాత, 1957లో, స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ మందుతో కదలిక పోగొట్టిన కుందేళ్ళకు డోపా ఇస్తే అవి లేచి తిరిగినాయి. ఆ కదలిక పోగొట్టిన మందు రెసర్పిన్, అది మన సర్పగంధి వేరులో ఉండేదే. 1961లో వియన్నాలో రోగులకు సూదిమందుగా ఇచ్చి చూసినారు. 1967లో న్యూయార్క్‌లో జార్జ్ కొట్జియాస్ నోటి ద్వారా, కొంచెం కొంచెంగా పెంచుతూ ఇచ్చి మేలు చూపించినాడు. నేడు కోవిల్‌పట్టి మందుల షాపులో దొరికే లెవోడోపా మాత్ర వెనక ఇంత నడక ఉంది.

ఇది చదివి ఎవరూ గింజలు ఏరుకొచ్చి పొడి కొట్టొద్దండి. గింజ గింజకూ బలం మారుతుంది. మాత్రతో కలిస్తే మోతాదు ఎక్కడికో పోతుంది.

మాత్ర వచ్చినా ఇల్లు కావాల

ఈ మందు గడియారం చూసి పని చేస్తుంది. వేళ తప్పితే మనిషి బిగుసుకుపోతాడు, వేళకు పడితే లేచి నడుస్తాడు. జబ్బు ముదిరేకొద్దీ ఈ తేడా గంటల లెక్కకు వస్తుంది. పప్పు, పాలు, గుడ్డులోని మాంసకృత్తులు మందుకు అడ్డం పడతాయి కాబట్టి చాలామందికి తిండికి అరగంట, గంట ముందు వేసుకోమంటారు. డాక్టరు చెప్పకుండా ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం.

మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏది ఎప్పుడు జరిగిందో రాసిపెట్టడమే పని. అదే పద్ధతిలో ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టినాము: మాత్ర వేళ, అన్నం వేళ, ఎప్పుడు నడిచినారు, ఎప్పుడు బిగిసినారు. డాక్టరు ముందు పెట్టడానికి పనికొచ్చింది ఆ నోటుబుక్కే.

మన పాత ఇండ్లకు గడపలు ఎత్తు, వాకిళ్ళు ఇరుకు. ఈ జబ్బువాళ్ళకు కాళ్ళు నేలకు అతుక్కుపోయేది సరిగ్గా వాకిలి దగ్గర, మలుపు దగ్గర. అప్పుడు చెయ్యి పట్టి లాగకూడదు. ఆగి, "ఒకటి, రెండు, మూడు" అని లెక్క పెడితే అడుగు పడుతుంది. నేల మీద అడ్డంగా గీతలు గీస్తే వాటిని దాటుతూ నడవగలుగుతారు. ముగ్గు పెట్టే చేతికి గీతలు గీయడం ఒక లెక్కా! నీళ్ళు మింగడం కష్టమైతే నిటారుగా కూర్చోబెట్టి చిన్న గుక్కలే ఇవ్వాల. పలచని నీళ్ళకంటే కంబు గంజి లాంటి చిక్కటిది కొందరికి సులువు, డాక్టరును అడిగి చెయ్యండి.

చూసేవాళ్ళు ఎవరు

ఒకప్పుడు ఈ పనంతా కోడళ్ళది, కూతుళ్ళది. జీతం లేదు, సెలవు లేదు, ఇంటి చరిత్రలో వాళ్ళ పేరు కూడా లేదు. ఇప్పుడు పిల్లలు బెంగళూరు, కోయంబత్తూరు, అమెరికా. 2011 జనాభా లెక్కల్లోనే తమిళనాడులో నూటికి 10 మంది 60 దాటినవాళ్ళు.

తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న 'మక్కళై తేడి మరుత్తువం' మొదలుపెట్టింది. బీపీ, షుగరు మాత్రలు ఇంటికి తెచ్చివ్వడంతో పాటు, మంచం పట్టినవాళ్ళకు ఉపశమన సేవ, ఫిజియోథెరపీ కూడా ఇంటి దగ్గరే చేస్తారు. విరుదునగర్‌లో 2022 జనవరిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. వృద్ధుల సహాయానికి 14567 నంబరు ఉంది. ఇవి అడగడానికి సిగ్గు పడనక్కర్లేదు.

కానీ ఇంట్లో సహాయానికి వచ్చే అమ్మాయికి తెలిసింది తమిళం. పగలంతా తమిళం మాట్లాడే పెద్దవాళ్ళు కూడా బిగుసుకున్నప్పుడు, రాత్రి నిద్ర లేచినప్పుడు తెలుగులోకి పోతారు. ఆ గొంతు సన్నం, మాట ముద్ద. మా ఇంట్లో నీళ్ళు, నొప్పి, చలి, ఒంటికి, లేవాల, పండుకోవాల అనే మాటలను తమిళ అక్షరాల్లో రాసి గోడకు అంటించినాము. వారంలో ఆ అమ్మాయికి అవి నోటికి వచ్చినాయి. అవ్వ విసుగు సగం తగ్గింది.

గొంతు ఉన్నప్పుడే

మాత్ర బాగా పనిచేసే వేళ రోజులో కొన్ని గంటలే. ఆ గంటల్లోనే మనం స్నానం, భోజనం, ఆస్పత్రి అన్నీ కుదిస్తాము. అందులో అరగంట మాటకు విడిచిపెట్టండి. ఫోను దగ్గర పెట్టి, తొందర పెట్టకుండా అడగండి: మన ఇంటికి కోడళ్ళు ఏ ఊర్ల నుంచి వచ్చినారు, ముందు తరంలో మంచం పట్టినవాళ్ళను ఎవరు చూసుకున్నారు. జవాబు రావడానికి ఆలస్యమవుతుంది, మధ్యలో మనం పూర్తి చెయ్యకూడదు. గట్టిగా పలకడం ఈ జబ్బులో ఒక వైద్యం కూడా, స్పీచ్ థెరపీలో చేయించేది అదే.

రాసుకున్నదాంట్లో చూసుకున్నవాళ్ళ పేర్లు కూడా చేర్చండి. మా వంశవృక్షంలో ఆ వరుస ఇప్పుడే మొదలుపెట్టినాము, మీ ఇంటి పేర్లు పంపితే కలుపుతాము.