సీ డ్రైవ్ కథ: డిస్కుల వరుస మారితే కంప్యూటర్ ఎందుకు లేవదు

ఈసారి కంప్యూటర్ సంగతి రాస్తున్నాం. కొంచెం పొడుగ్గానే ఉంటది, ఆదివారం తీరిగ్గా చదవండి.

మన రూముల్లో పాత డెస్క్‌టాప్‌లు చాలా ఉన్నాయి. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చినవి, గరాజ్ సేల్‌లో కొన్నవి. జాగా చాలక అందులో ఇంకో డిస్కు తగిలిస్తాం. తర్వాత ఆన్ చేస్తే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు: "నో బూటబుల్ డివైస్". దుకాణానికి తీసుకుపోతే డిస్కు పోయింది, ఫార్మాట్ కొట్టాలె అంటారు. ఫార్మాట్ కొడితే అమ్మానాయనల ఫోటోలు, పిల్లల వీడియోలు, పాస్‌పోర్టు, వీసా కాగితాల స్కాన్లు అన్నీ గల్లంతు. కానీ చాలాసార్లు డిస్కు పోదు. వరుస మారుతుంది, అంతే. ఈ వరుస గొడవ ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఎవడూ మనల్ని భయపెట్టలేడు.

ముందు ఆ "బూట్" అనే మాట. మన సేఫ్టీ బూట్లకు వెనక వేలు పెట్టి లాగే పట్టీ ఉంటది చూడండి, దాన్నే బూట్‌స్ట్రాప్ అంటారు. తన బూటు పట్టీ తానే పట్టుకుని పైకి లేచినట్టు, కంప్యూటర్ కూడా ఎవరి సాయం లేకుండా తనను తాను లేపుకోవాలి. అందుకే ఆ పేరు.

1981 ఆగస్టు 12న ఐబీఎం తన మొదటి పర్సనల్ కంప్యూటర్‌ను బయటపెట్టింది. తయారు చేసింది ఫ్లోరిడాలో బోకా రేటన్ అనే ఊళ్లో, డాన్ ఎస్ట్రిడ్జ్ నడిపించిన బృందం. అందులో హార్డ్ డిస్కే లేదు. ఫ్లాపీలకు రెండు అరలు, ఏ అని, బీ అని. చిన్న కంప్యూటర్లలోకి ఈ అక్షరాలు కాలిఫోర్నియాలో గ్యారీ కిల్డాల్ తయారు చేసిన సీపీ/ఎం నుంచి వచ్చాయి. 1983 మార్చిలో ఐబీఎం ఎక్స్‌టీ వచ్చింది, 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో. ఇప్పటి ఫోన్ ఫోటోలు నాలుగు పడితే నిండిపోతది, ధర మాత్రం 4,995 డాలర్లు. ఏ, బీ ఫ్లాపీలకు పోయినై గనుక దానికి సీ దక్కింది. ఈరోజు ఫ్లాపీ అంటే పిల్లలకు తెలియదు, అయినా మన విండోస్ ఇంకా సీ లోనే ఉంటది.

ఎక్స్‌టీ లేచే పద్ధతి ఇది. మదర్‌బోర్డు చిప్పులో బయోస్ అని చిన్న ప్రోగ్రాం ఉంటది. కరెంటు రాగానే ముందు ఫ్లాపీ ఉందా అని చూస్తది. లేకుంటే మొదటి హార్డ్ డిస్కు దగ్గరికి పోయి దాని మొట్టమొదటి 512 బైట్లు చదువుతది. అక్కడ సరైన గుర్తు కనబడితే పని దానికి అప్పజెప్పి తప్పుకుంటది.

ఇది మన సైటు లెక్కన చూడండి. వాచ్‌మన్‌కు ఒకటే మాట చెప్పి పెట్టారు: పొద్దున వరుసలో మొదట నిలబడ్డోడి దగ్గర స్టోరు తాళంచెవి ఉంటది. పేరు చెప్పలేదు, ముఖం చూపలేదు. ఒకరోజు కొత్తోడు వచ్చి ముందు నిలబడ్డాడు. వాచ్‌మన్ వాడి జేబు తడిమి, తాళంచెవి లేదు, ఈరోజు పని బంద్ అంటాడు. తాళంచెవి ఉన్నోడు రెండో జాగాలో నిలబడే ఉన్నాడు! మన తెర మీద వచ్చే తెల్ల అక్షరాలు ఆ వాచ్‌మన్ మాటలే.

ఈ పద్ధతి ఐబీఎం దగ్గరే ఆగిపోతే ఈ పోస్టు అవసరం ఉండేది కాదు. దాన్ని లోకమంతా తిప్పింది మేము పని చేసే ఈ హ్యూస్టన్ కంపెనీయే. 1982లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వదిలి వచ్చిన ముగ్గురు ఇక్కడ కాంపాక్ పెట్టారు. ఐబీఎం బయోస్‌ను కాపీ కొట్టకుండా, అది ఏమేం పనులు చేస్తుందో రాసుకుని, ఆ పనులే చేసే సొంత బయోస్ వేరే మనుషులతో రాయించుకున్నారు. తర్వాత వేరే కంపెనీలూ అదే దారి పట్టినై. సికింద్రాబాద్ సీటీసీలో మనవాళ్లు విడి పార్టులు కొని బిగించిన అసెంబుల్డ్ కంప్యూటర్ల దాకా అదే బయోస్ పద్ధతి, "మొదట నిలబడ్డోడే" అనే అదే రూలు వచ్చినై.

ఫ్లాపీని ముందు చూడటం వల్ల వేరే నష్టం కూడా జరిగింది. 1990ల మొదట్లో మైకెలాంజిలో అని ఒక వైరస్, మరిచిపోయి అరలో వదిలేసిన ఫ్లాపీ నుంచి కంప్యూటర్ లేచేటప్పుడు ఎక్కేది. మార్చి 6 వచ్చిందంటే డిస్కు మీది సమాచారం చెరిపేసేది. సెట్టింగుల్లో సీ ముందు, ఏ తర్వాత అని మార్చుకునే వీలు ఉంటే ఎంత మేలో జనానికి అప్పుడు తెలిసింది. ఆ సెట్టింగులను చిన్న బ్యాటరీతో గుర్తుపెట్టుకునే ఏర్పాటు 1984లో వచ్చిన ఐబీఎం ఏటీ నుంచి ఉంది. ఆ బ్యాటరీ సంగతి చివర్లో చెప్తాం.

1986 ప్రాంతంలో కాంపాక్, వెస్టర్న్ డిజిటల్ కలిసి ఐడీఈ పద్ధతి తెచ్చాయి. ఒకే వెడల్పు కేబుల్‌కు రెండు డిస్కులు. ఎవరు మొదలో చెప్పడానికి డిస్కు వెనక జంపర్ అనే చిన్న బిళ్ల. ఒక డిస్కుకు మాస్టర్, రెండోదానికి స్లేవ్ అని పేరు. అమీర్‌పేటలో హార్డ్‌వేర్ కోర్సు చేసినోళ్లకు ఈ బిళ్లలు బాగా గుర్తుంటాయి. రెండూ మాస్టర్ పెడితే కొట్లాట, కంప్యూటర్ లేవదు. 2003లో లాస్ ఏంజెలెస్ కౌంటీ ఆ మాస్టర్, స్లేవ్ పేర్లు వాడొద్దని సామాను అమ్మేవాళ్లను కోరింది. యజమాని, బానిస అన్న మాటలు ఈ దేశంలో ఎంత బరువో మనం వేరే చెప్పక్కర్లేదు. ఆ పేర్లు పెట్టేటప్పుడే ఎవరికీ తట్టకపోవడం మాకు వింతగా అనిపిస్తది.

విండోస్ కూడా కొన్నాళ్లు వరుసనే నమ్ముకుంది. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ నుంచి ఎక్స్‌పీ దాకా బూట్ డాట్ ఐఎన్ఐ అని ఒక ఫైలు ఉండేది. ఫలానా నంబరు డిస్కు, ఫలానా నంబరు భాగంలో విండోస్ ఉంది అని అందులో రాసి ఉండేది. పేరు కాదు, నంబరు. కొత్త డిస్కు మధ్యలో దూరితే నంబర్లు జరిగేవి. అప్పుడు తెర మీద "హెచ్ఏఎల్ డాట్ డీఎల్ఎల్ మిస్సింగ్" అని వచ్చేది. ఆ ఫైలు ఎక్కడికీ పోలేదు, చూసే జాగా మారింది. పాపం ఎంతమంది ఆ మాట నమ్మి మొత్తం తుడిచేసుకున్నారో.

ఆఖరికి డిస్కులకు సొంత గుర్తులు వాడటం మొదలైంది. ఉబుంటు లినక్స్ 2006లో ఒక్కో భాగాన్ని యూయూఐడీ అనే పొడుగు నంబరుతో గుర్తుపట్టే పద్ధతికి మారింది. తర్వాత కొద్దికే విస్టా కూడా ఆ పాత ఫైలు తీసేసి డిస్కు సంతకం చూడటం మొదలుపెట్టింది. బయోస్ బదులు యూఈఎఫ్ఐ వచ్చింది, 2012లో విండోస్ 8 కంప్యూటర్లతో అన్నిచోట్లా పాకింది. అది డిస్కు భాగం గుర్తునూ, ఫైలు పేరునూ మదర్‌బోర్డులో రాసి పెట్టుకుంటది. అంటే వాచ్‌మన్‌కు ఇప్పుడు మనిషి పేరు తెలుసు.

అయినా గొడవ పూర్తిగా పోలేదు. పోయిన చలికాలం మా రూములో సిరిసిల్ల తమ్ముడి కంప్యూటర్ ఇట్లనే ఆగింది. పాత డిస్కు ఒకటి అదనంగా తగిలించాడు. ఒక దుకాణంలో ఫార్మాట్ తప్పదన్నారు. మేము ఇంటికి తెచ్చి, ఆన్ చేయగానే ఎఫ్12 నొక్కుతూ పోయినం. లిస్టులో రెండు డిస్కులూ కనబడ్డాయి. రెండోది ఎంచుకుంటే విండోస్ వచ్చేసింది. తర్వాత సెట్టింగుల్లోకి పోయి దాన్ని పైకి జరిపినం. రూపాయి ఖర్చు లేదు. డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9.

లిస్టులో డిస్కు పేరు కనబడితే ఆశ ఉన్నట్టే. అసలు కనబడకపోతే ముందు కేబుళ్లు చూడండి. టిక్ టిక్ మని చప్పుడు చేస్తే మాత్రం ఆపేయండి, అది వేరే జబ్బు. ఏ మెషీన్ "ఫార్మాట్ చేయాలా, ఇనీషియలైజ్ చేయాలా" అని అడిగినా వద్దనే చెప్పండి. కేబుల్ పీకే ముందు ఫోటో తీసుకోండి, సెంట్రింగ్ విప్పే ముందు మనం తీసుకున్నట్టే. ఇంకోటి, విండోస్ కొత్తగా ఎక్కించేటప్పుడు ఒక్క డిస్కే ఉంచండి. రెండు ఉంటే విండోస్ ఒకదాంట్లో, లేపే ఫైళ్లు ఇంకోదాంట్లో పడే అవకాశం ఉంది. అప్పుడు ఆ రెండోది ఖాళీదే కదా అని తీసేసిన రోజు మొదటిది కూడా లేవదు.

ఇక బ్యాటరీ. ఏమీ ముట్టుకోకుండానే వరుస మారి, గడియారం కూడా ఎప్పటిదో పాత తేదీ చూపిస్తుంటే మదర్‌బోర్డు మీది గుండ్రటి బిళ్ల అయిపోయినట్టు. సీఆర్ 2032 అని అడగండి, వాల్‌మార్ట్‌లో దొరుకుతది. ప్లగ్గు పీకేసి మార్చండి. మార్చాక తేదీ, టైము, బూట్ వరుస మళ్లీ పెట్టి సేవ్ చేయాలె.