పాపిల్లోమా: పేరు చెప్పేది సగమే

‘పాపిల్లోమా’ అన్న మాటకు మూలం లాటిన్ ‘పాపిల్లా’, అంటే చనుమొన. గడ్డ అనే అర్థంలో గ్రీకు ‘ఓమా’ దానికి చేరింది. మన పులిపిరి అలాంటిదే. కానీ ఈ పేరు చెప్పేది సగమే. పులిపిర్లు తెచ్చే హ్యూమన్ పాపిల్లోమా వైరస్ (హెచ్‌పీవీ)లో 200కు పైగా రకాలున్నాయి. జననాంగాల దగ్గర పులిపిర్లు తెచ్చేవి ఎక్కువగా 6, 11 రకాలు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణమైన 16, 18 రకాలు పైకి గుర్తు చూపవు. అందుకే ఆడవాళ్లకు ‘ఒంటి మీద ఏమీ లేదు కదా’ అన్న ధీమా చాలదు. చాలామందిలో వైరస్ ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా తిష్ఠ వేసినదే ఏళ్ల తరబడి కణాలను మార్చి క్యాన్సర్‌కు దారితీస్తుంది. ఆ వ్యవధిలోనే గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి.

ఈ వైరస్‌ను అడ్డుకునే టీకా మీద జనంలో అనుమానం ఊరికే పుట్టలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు ఈ టీకా వేసిన ప్రాజెక్టును, కొందరు చనిపోయాక 2010లో ఆపేశారు. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. హాస్టల్ పిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారని మాత్రం బయటపడింది. అది చిన్న తప్పు కాదు. దాన్ని సరిదిద్దే దారి, ఇంటివాళ్లకు వివరించి, ఒప్పించి టీకా వేయడమే గానీ టీకానే వద్దనడం కాదు. అయితే టీకా అన్ని రకాలనూ ఆపదు గనుక, వేయించుకున్నవాళ్లకూ 30 దాటాక పరీక్ష తప్పదు.